ఆయాసం

ఆ క్యాన్సరు ఆసుపత్రి మూడో అంతస్తులో ఆమెకి బ్రేకు డాక్టరని పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ళ నోటికి అడ్డూ ఆపూ లేదని మాత్రం తెలుస్తూనే ఉంటుంది. క్యాన్సరు మందుల్లో కొన్ని గడ్డ మీదికి వెళ్తూ వెళ్తూ దారిలో గుండెకీ ఓ దెబ్బ వేసి వెళ్తాయి. ఆ గుండె ఎంతవరకు తట్టుకుంటుందో, మందు ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఆపకూడదో నేర్పే చదువు ఒకటుంది. గుండె డాక్టరుగా పట్టా చేతికొచ్చాక కూడా ఆ చదువు కోసం మళ్ళీ శిష్యరికంలో చేరిందామె. అందులో 'ఆపకూడదో' అన్న సగం ఆ అంతస్తులో ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆమె గుండెను తెరమీద చూపించే ఎకో మెషీను తోసుకుంటూ వరండాలోకి వచ్చిందంటే చాలు, డ్రిప్పు కుర్చీల్లో ఉన్నవాళ్ళు నిటారుగా సర్దుకుని, వచ్చే దగ్గును దిగమింగి, అడక్కముందే "బాగానే ఉన్నామమ్మా" అనేవారు.

వాళ్ళ భయం వాళ్ళది. ఆయాసం అన్నామంటే మందు ఎక్కడ ఆపేస్తుందోనని. వాచిన కాళ్ళు దుప్పటి కిందికి పోయేవి. మెట్లెక్కగలుగుతున్నారా అంటే "లిఫ్టుండగా మెట్లెందుకమ్మా" అనేవారు. అందుకని ఆమె వాళ్ళు చెప్పేది నమ్మడం మానేసి, చెప్పే తీరు వినడం మొదలుపెట్టింది. గుండె నీరసించినవాళ్ళు ఒక వాక్యాన్ని ఒక్క గుక్కలో పూర్తి చెయ్యలేరు. నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగుతారు, ఆగలేదన్నట్టు నవ్వుతారు. ఆ ఆగడాన్ని పట్టుకోవడంలో ఆమెది అందెవేసిన చెయ్యి.

ఇంతమంది దాచేవాళ్ళ మధ్య సోమవారం పొద్దున ఒక మనిషి దాచకుండా చెప్పింది.

ఆవిడ బస్సు కండక్టరుగా చేసి మానేసిన మనిషి. మానేసి చాలా కాలమైనా అందరూ కండక్టరమ్మనే పిలిచేవారు. ఎడమ రొమ్ము తీసేశాక కొన్నేళ్ళు నెమ్మదించిన జబ్బు ఇప్పుడు ఎముకల్లోకి, కాలేయంలోకి దిగింది. మూడు వారాలకోసారి డ్రిప్పు. ఎక్కించే ముందు గుండె పరీక్ష. పక్కనే భర్త. ఎలక్ట్రీషియనుగా రిటైరైనవాడు. భుజాన అరల సంచీ, ఏ అరలో ఏముందో చూడకుండానే చెయ్యి వెళ్తుంది. ఆయన వ్యాకరణంలో ఏకవచనం లేదు.

"ఈసారి మనకి వాంతులు తగ్గాయండి" అన్నాడు కూర్చుంటూనే. "జ్వరం ఒక్క పూటే వచ్చింది, నిన్న మనం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాం."

"మీకెలా ఉందమ్మా?" అని డాక్టరమ్మ ఆవిడ వైపే తిరిగి అడిగింది.

"మనకి బాగానే..." అంటున్నాడాయన.

"ఆయాసం" అంది కండక్టరమ్మ.

ఆయన చెయ్యి సంచీ జిప్పు మీద ఆగిపోయింది. "అది మొన్న రెండంతస్తులు ఎక్కినప్పుడు కొంచెం..."

"మొన్న కాదు. ఎప్పుడూ."

ఆ ఒక్క ముక్క చెప్పి ఆవిడ పెదవులు బిగించుకుంది. తర్వాత అడిగినవన్నిటికీ ఆయనే జవాబు చెప్పాడు. డాక్టరమ్మ ఆవిడని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, చల్లటి జెల్లీ రాసి, ప్రోబు ఆనించింది. ఆ పక్క ఆపరేషను మచ్చ, దాని కింద బిగుసుకుపోయిన చర్మం. పక్కటెముకల మధ్య సందు దొరకడమే గగనమైంది. దొరికినచోట గుండె మసకగా కనిపిస్తోంది, కండ ఎక్కడ ముగిసి రక్తం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. తోచినచోట అంచు గీసి లెక్క తీసింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత వంతు బయటికి నెడుతుందో చెప్పే అంకె అది, రోగులు పంపింగు అంటారు. పోయినసారి యాభై ఎనిమిది. ఇప్పుడు యాభై. అంతకంటే దిగితే మందు ఆపాల్సిందే. పైగా మనిషి తన నోటితో తనే ఆయాసం అంటోంది.

పెద్ద సారు ఆ బొమ్మ చూసి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. ఆమెకి చదువు చెప్పే గురువు ఆయనే. మంచి కంటే ముందు కోపం వస్తుంది ఆయనకి.

"ఏమిటి, ఇదీ ఆపేస్తావా?"

"ఆయాసం కూడా ఉంది సార్."

"ఆ పోస్టుమ్యానుకీ ఉందన్నావు. ఆపావు. తర్వాత గుండె బాగానే ఉందని తేలింది. ఈలోగా గడ్డ మన కోసం ఆగిందా?" ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది ఆమెకి. "అంచు కనపడని బొమ్మ మీద అంకె వేసి నా మొహాన పెట్టకు. శుక్రవారం ఆవిడ డ్రిప్పు. గురువారం మీటింగులో అందరి ముందూ నువ్వే చెప్పాలి, ఎక్కించాలా వద్దా. ఈలోగా ఆ ఆయాసం ఎక్కడిదో కనిపెట్టు."

వరండాలో ఆ భర్త ఎదురుచూస్తున్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆపరు కదండీ?" అన్నాడు. "ఇది నయం చెయ్యదనీ, కొన్నాళ్ళు నిలబెడుతుందనీ క్యాన్సరు మందుల డాక్టరుగారు చెప్పారు. ఆ కొన్నాళ్ళయినా మనకి కావాలి కదా. ఇక మనకి మిగిలింది ఇదొక్కటే."

"ఇంకా పరీక్షలు ఉన్నాయండి. తొందరపడి ఆపను" అంది.

*

మంగళవారమంతా ఆమె ఆ గుండెను వదల్లేదు. గుండె కండ నలిగితే రక్తంలో కొన్ని గుర్తులు పెరుగుతాయి. అవి పెరగలేదు. ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ ఏదైనా చేరిందేమోనని స్కాను తీయించింది. శుభ్రంగా ఉంది. మధ్యాహ్నం మళ్ళీ ఎకోకి పడుకోబెట్టి, ఈసారి నరంలోకి బుడగల మందు ఎక్కించింది. సన్నటి గాలి బుడగలు రక్తంతో పాటు గుండెలోకి చేరగానే లోపలి భాగమంతా తెల్లగా వెలిగింది. అంచు గీత గీసినట్టు కనపడింది. ఒకటికి మూడుసార్లు కొలిచింది. యాభై ఏడు.

గుండె దిగలేదు. నిన్న తను వేసిన గీతే తప్పు.

ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. బ్రేకు డాక్టరట, బ్రేకు డాక్టరు. ఈసారి చూడండి అనుకుంది. పోస్టుమ్యాను ముఖం గుర్తొచ్చింది గానీ నిన్నటంతగా పొడవలేదు. జెల్లీ తుడిచి ఇస్తూ, "మీ గుండె బాగుందమ్మా, బహుశా శుక్రవారం మందు ఎక్కించుకోవచ్చు" అని చెప్పింది. కండక్టరమ్మ ఆ కాగితపు తువాలుతో ఒంటిని తుడుచుకుంటూ, తడి లేనిచోట కూడా తుడుచుకుంటూ ఉండిపోయింది. సంతోషానికి మాట రావడం లేదనుకుంది డాక్టరమ్మ. బయట భర్త మాత్రం ఆ మాట వినగానే గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

ఒక్కటే మిగిలింది. గుండె బాగుంటే, ఊపిరితిత్తులు బాగుంటే, మరి ఆయాసం ఎక్కడిది? గురువారం పెద్ద సారు మొట్టమొదట అడిగేది అదే. నడక పరీక్ష పెట్టాలి. వేలికి క్లిప్పు తగిలించి కొలిచిన దూరం నడిపిస్తే, ఊపిరి ఎక్కడ తడబడుతుందో అంకెల్లో కనపడుతుంది.

*

బుధవారం పొద్దున ఆ వరండాలో జనాన్ని తప్పించి, రోగి తప్ప మరెవరూ ఉండకూడదని నియమం చెప్పి భర్తను లిఫ్టు పక్కన కూర్చోబెట్టింది. ఆయన మంచినీళ్ళ సీసా, శాలువా, చెప్పులకి మారుగా మెత్తటి బూట్లు అప్పజెప్పి, "నెమ్మదిగా నడుద్దాం" అన్నాడు. నడిచేది ఆవిడొక్కతే అయినా.

కండక్టరమ్మ నడవడం మొదలుపెట్టింది. పక్కన అడుగు వెనగ్గా డాక్టరమ్మ, చేతిలో అంకెలు చూపించే డబ్బా. ఒక చివరి నుంచి మలుపు తిరిగి వస్తుంటే ఊరికే మాట కలిపింది.

"ఎప్పుడూ నిలబడి చేసే ఉద్యోగం కదమ్మా. కష్టంగా ఉండేదా?"

"కష్టమేముందమ్మా, బస్సు కిటకిటలాడుతుంటే ముందు తలుపు నుంచి వెనక తలుపుకీ, వెనక నుంచి ముందుకీ, ఒకడి కాలు తొక్కి, ఇంకొకడి మోచెయ్యి తిని, చిల్లర లేదన్నవాడితో పోట్లాడి, టిక్కెట్టు తీసుకోనివాణ్ణి మొహం చూసి పట్టేసి, దిగేలోపు డబ్బు కక్కించేదాన్ని, అలాంటి నాకు ఈ వరండా ఒక లెక్కా?"

డాక్టరమ్మ అడుగు తడబడింది.

అంత పొడుగు వాక్యం. ఒక్కచోటా ఆగలేదు. మధ్యలో ఊపిరి పీల్చినట్టే లేదు. చేతిలో డబ్బా వంక చూసింది. ఆక్సిజను నిలకడగా ఉంది, గుండె వేగం నడిచే మనిషికి ఎంత ఉండాలో అంతే ఉంది. ఈ మూడు రోజుల్లో ఆవిడ నోటి నుంచి ఇంత మాట వినడం ఇదే మొదలని అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఊపిరి వినడానికి ఆవిడ గొంతేదీ, అంతా ఆయన గొంతే.

రెండడుగులు వేసి కండక్టరమ్మ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. గుండె మీద చెయ్యేసుకుంది. "ఆయాసమమ్మా" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

డాక్టరమ్మ కూడా ఆగింది.

"టిక్కెట్టు తీసుకోనివాడి మొహం ఎలా ఉంటుందమ్మా?"

"ఏముంటుంది, మొహంలో ఏమీ ఉండదు. బస్సు మొత్తంలో వాడొక్కడే కిటికీలోంచి..."

ఆ మాట అక్కడ ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కండక్టరమ్మకే ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే బెంచీ మీద కూలబడింది. నవ్వు ఎప్పుడు ఏడుపైందో డాక్టరమ్మకి తెలియలేదు. వేలికి ఇంకా క్లిప్పు ఉండటంతో డబ్బాలో గుండె వేగం చకచకా పెరుగుతోంది. డాక్టరమ్మ క్లిప్పు తీసేసి జేబులో వేసుకుని పక్కన కూర్చుంది.

"ఊపిరి ఆడకపోవడం లేదు కదమ్మా మీకు?"

"నేను ఊపిరి అనలేదు. ఆయాసం అన్నా. ఒళ్ళు అలిసిపోతే మా ఇంట్లో ఆయాసమే అంటాం. మీరే దాన్ని గుండెలో వెతికారు." కళ్ళు తుడుచుకుని, "వెతుకుతారనే మీకు చెప్పానులే. దాచడమెందుకు" అంది.

"మందు ఆపడానికి?"

"మీరు ఆపుతారని పేరు కదా. ఆ మందుల డాక్టరుకి చెప్తే ధైర్యం చెప్తాడు. మా ఆయనకి చెప్తే కంచం ముట్టడు. మూడు వారాల్లో రెండు వారాలు గోడవైపు తిరిగి పడుకుంటానమ్మా. మూడో వారం నోటికి కాస్త రుచి తెలుస్తుంది, బాల్కనీలో కూర్చుంటా, పక్కింటావిడతో నాలుగు మాటలాడతా. ఇంతలో ఆయన సంచీ సర్దుతాడు. అలా అలా కొన్నాళ్ళు. ఆ కొన్నాళ్ళలో నావి ఎన్ని?"

డాక్టరమ్మకి నిన్నటి యాభై ఏడు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆవిడ కాగితంతో ఒళ్ళు తుడుచుకుంటుంటే సంతోషమనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది. అయినా అలవాటు చొప్పున నాలుక వైద్యమే మాట్లాడింది. మోతాదు తగ్గించమందాం అంది. వాంతులకి వేరే మందు ఉంది అంది. మనసు బాగాలేకపోతే మాట్లాడే డాక్టరున్నాడు అంది.

"అన్నీ అయ్యాయమ్మా" అంది కండక్టరమ్మ ఓపిగ్గా. ఎదుటి మనిషికి నచ్చజెప్పేది ఇప్పుడు ఆవిడే. "ఒక పని చెయ్యండి. గుండె పాడైందని చెప్పండి. యాభై అని మొన్న వచ్చిందిగా, అదే నిజం, నిన్న చెప్పింది పొరపాటు అనండి. ఆయన ఎవరినీ అనడానికి ఉండదు. నన్నూ అనడు, తననీ అనుకోడు. ఒక్క అబద్ధం. మీకేం పోతుంది?"

అడిగింది చిన్న సాయమే. చెయ్యడమూ తేలికే. నిన్నటి కొలత ఇంకా ఏ డాక్టరుకీ చూపించలేదు. మొన్నటి అంకె పెద్ద సారు కళ్ళారా చూశాడు. రేపు నిలబడి 'యాభై, ఆయాసం ఉంది, ఆపుదాం' అంటే పిలుస్తున్న పేరుకి తగ్గట్టే ఉంటుంది. డాక్టరమ్మ గోళ్ళు చూసుకుంటూ ఆ మాట ఎలా అనాలో మనసులో ఒకసారి అనుకుని కూడా చూసుకుంది. అంతలో ఆ భర్త, ఆయన సంచీ, దాని అరలూ కళ్ళముందు కదిలాయి.

"గుండె పాడైందంటే ఆయన ఊరుకుంటాడా అమ్మా?" అంది. "గుండెకి మందులు మొదలుపెట్టమంటాడు. నాలుగు రకాల మాత్రలు. ఉప్పు తగ్గిస్తాడు. రోజూ బరువు చూస్తాడు. వారం వారం ఎకోకి నా దగ్గరికే తెస్తాడు. ఈ క్యూలోంచి తీసి మిమ్మల్ని ఇంకో క్యూలో నిలబెట్టినట్టే."

కండక్టరమ్మ ఆలోచించింది. "సంచీకి ఇంకో అర కుట్టిస్తాడు" అని ఒప్పుకుంది చివరికి.

"నేను అబద్ధం చెప్పను. మీరూ చెప్పక్కర్లేదు. వద్దనుకుంటే వద్దనే చెప్పొచ్చు. అది చెప్పే హక్కు మీకుంది. మీరు చెప్పేటప్పుడు నేను పక్కన కూర్చుంటా. రేపు మీటింగులో ఈ మాట చెప్పమంటారా?"

ఆవిడ చాలాసేపు మెత్తటి బూట్ల లేసులు విప్పుతూ, కడుతూ ఉంది.

"డాక్టర్లకి మీరు చెప్పండి" అంది. "ఆయనకి నేను చెప్తా. చెప్పగలిగితే."

*

గురువారం మీటింగులో టీ కప్పులు, గోడమీద పెద్ద తెర. తెర మీద తెల్లగా వెలిగిన గుండె. పెద్ద సారు ఆ అంచు చూసి తల ఊపాడు. మెచ్చుకోవడంలో అంతకంటే ముందుకి ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు.

"యాభై ఏడు. గుండె వైపు నుంచి అడ్డం లేదు" అంది ఆమె. "అయినా రేపు మందు ఎక్కించకూడదు సార్."

పెద్ద సారు కప్పు కింద పెట్టాడు.

"ఎందుకూ?"

"ఆవిడకి వద్దు."

మందుల డాక్టరు ముందుకి వంగాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఆ మొహంలో కోపం కంటే నొప్పే ఎక్కువ కనపడింది. "నాతో ఒక్కసారి కూడా అనలేదే. ప్రతిసారీ అడుగుతాను, ఎలా ఉందమ్మా అని."

"జవాబు ఎవరు చెప్తారు సార్?"

ఆయన మెల్లగా వెనక్కి ఆనుకున్నాడు.

"సరే, అది మాట్లాడాల్సిన సంగతే" అన్నాడు పెద్ద సారు. "కానీ అది మన డిపార్టుమెంటు పని కాదు. ఆయాసం సంగతి తేల్చమన్నాను నిన్ను."

"తేల్చాను సార్. ఆవిడ అలిసిపోయానని చెప్తే, ఊపిరాడటం లేదని రాసింది నేను. కాబట్టి మన డిపార్టుమెంటు పనే." ఇంకో నెలలో ఆమె చదువు మీద సంతకం పెట్టాల్సింది ఈయనే అన్న సంగతి ఆమెకి గుర్తుంది. అయినా కూర్చోలేదు.

పెద్ద సారు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. తుడవాల్సినంత మురికి వాటి మీద లేదు. "భర్తకి ఎవరు చెప్తారు?" అన్నాడు. ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు.

"ఆవిడే చెప్తారు. నేను పక్కన ఉంటాను."

"మధ్యలో నువ్వు మాట్లాడకు" అన్నాడు ఆయన, చాలా మెల్లగా. "మాట్లాడాలనిపిస్తుంది. మాట్లాడకు."

*

చిన్న గది. మూడు కుర్చీలు. కిటికీ పక్కన డ్రిప్పు కుర్చీ రేపటికి మాట్లాడుకుని మరీ వచ్చాడు భర్త. ఆ సంబరంలోనే సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గుండె బాగుందట" అంది కండక్టరమ్మ.

"నేను చెప్పలేదూ, మనకేం కాదని."

"రేపు నేను రానండి."

"ఒంట్లో బాగాలేదా? పోనీ ఎల్లుండి పెట్టించుకుందాం, ఏం డాక్టరుగారూ?"

"ఎల్లుండీ రాను."

ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "ఆయాసమా? అది దేనికో ఇంకా కనుక్కోలేదా మీరు?"

డాక్టరమ్మకి మాట నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగించుకుని కూర్చుంది.

"కనుక్కున్నారు" అంది భార్య. "మందుకి ఆయాసం. వచ్చిపోవడానికి ఆయాసం. ఎలా ఉందీ ఎలా ఉందీ అంటే బాగుందనడానికి ఆయాసం. గుండెకి కాదు, నాకు."

ఆయనకి అర్థం కావడానికి సమయం పట్టింది. అర్థమైంది మొహంలో కాదు, చేతుల్లో తెలిసింది. సంచీ జిప్పు సగం తీశాడు, లోపల వెతికాడు, ఏమీ తియ్యకుండా మూసేశాడు. మళ్ళీ తీశాడు.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు? నాకు ఒక్క మాట చెప్తే నేను కాదంటానా?"

"అనరా?"

గది బయట ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళి లిఫ్టులోకి పోయింది.

"అంటాను" అన్నాడు. "ఇప్పుడూ అంటున్నాను. మానకూడదు. నేను ఒప్పుకోను."

కండక్టరమ్మ తన కుర్చీని ఆయన వైపు జరుపుకుంది. ఆయన ఒళ్ళోంచి సంచీ తీసి నేల మీద పెట్టింది.

"సరే, అనండి. ఎంతసేపు అంటారో అనండి, నేను వింటాను. రేపు మాత్రం రాను."

డాక్టరమ్మ లేచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి బయట నిలబడింది. లోపల ఆయన మొదలుపెట్టాడు. కోప్పడ్డాడు, బతిమాలాడు, మళ్ళీ కోప్పడ్డాడు. ఆవిడ ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. ఆయనకే గొంతు పూడుకుపోయి మాట ఆగినప్పుడు, "ఊఁ, తర్వాత?" అనడం మాత్రం వినపడింది.